రొట్టె వదలడాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?

కనిగిరి చుట్టుపక్కల ఊళ్లలో తొమ్మిదో తరగతి పిల్లకి 'మై విలేజ్' మీద వ్యాసం రాయమని ఇచ్చారనుకుందాం. ఏం రాస్తుందో చూడకుండానే చెప్పేయొచ్చు. ఊరి పక్కన ఏరు పారుతూ ఉంటుంది. చుట్టూ పచ్చటి పొలాలు, చెట్ల మీద పక్షులు, కల్లాకపటం తెలియని జనం. నిజానికి ఆ ఊళ్లో ఏరు లేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి తాగే నీళ్లు క్యాన్లలోనో ట్యాంకర్లోనో రావాలి. వ్యాసం రాసిన ఆ పిల్లే పొద్దున బడికి వచ్చే ముందు ట్యాంకర్ దగ్గర బిందె పెట్టి వచ్చి ఉంటుంది.

ఆ పిల్ల అబద్ధం రాసిందనడానికి లేదు. ఇంగ్లీషులో ఊరంటే అలాగే ఉంటుందని ఆమెకు నేర్పారు. ఏరు గైడులోంచి వచ్చింది. పక్షులూ అందులోంచే వచ్చాయి. ట్యాంకర్ మాత్రం ఏ గైడులోనూ లేదు కనక వ్యాసంలోకి రాలేదు.

మన పిల్లలకు ఇంగ్లీషు రాయడం రాకపోవడానికి గ్రామర్ రాకపోవడమే కారణమని చాలామంది నమ్మకం. గ్రామర్ సంగతి కాదనలేం. కానీ అంతకు ముందే ఒక చిక్కుంది. తాము బతికే బతుకు ఇంగ్లీషులో రాయదగ్గదని ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఒక లోకం, పుస్తకంలో ఇంకో లోకం. రోజూ పొద్దున ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నడిచి వెళ్తారు, సాయంత్రం తిరిగొస్తారు. ఆ నడక గురించి రాయమంటే రాయడానికి బోలెడు సరుకు దొరుకుతుంది, ఆ సరుకుతో పాటే భాషా వస్తుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. దీనికి ఈ ప్రాంతంలోనే రెండు వందల ఏళ్ల పాత సాక్ష్యం ఉంది. ఒంగోలుకు చెందిన వెన్నెలకంటి సుబ్బారావు 1784లో పుట్టారు. తెలుగుతో పాటు అరడజను భాషలు పట్టుబట్టి నేర్చుకుని, మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడిగా, దుబాసీగా 1829 వరకు పనిచేశారు. ఆయన తన జీవితకథను తానే ఇంగ్లీషులో రాసుకున్నారు. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1873లో, కొడుకు దాన్ని మద్రాసులో అచ్చు వేయించారు. ఒక భారతీయుడు ఇంగ్లీషులో రాసుకున్న తొలి ఆత్మకథల్లో దాన్ని లెక్కపెడతారు. అంటే ఒంగోలు మనిషి చేతిలో ఇంగ్లీషు ముందుగా చేసిన పనుల్లో ఒకటి, ఆ మనిషి తన బతుకు తాను చెప్పుకోవడం. అదే సుబ్బారావు 1820 ప్రాంతంలో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి అప్పటి బడుల గురించి ఒక నివేదిక ఇచ్చారు. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతున్నారు గానీ అర్థం తెలియడం లేదన్నది అందులో ఆయన ఫిర్యాదు. అప్పుడు పద్యాలు, ఇప్పుడు 'మై విలేజ్'.

రెండు సంస్కృతులు అనగానే మనకు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న తెలుగు పిల్లలు గుర్తొస్తారు. వాళ్ల సంగతీ ఉంది. ఉద్యోగం మీద నెల్లూరు నుంచి వెళ్లిన కుటుంబంలో నాలుగో తరగతి పిల్లాణ్ణి అమెరికా బడిలో చేర్చేటప్పుడు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో రాయమని ఒక కాగితం ఇస్తారు. తెలుగు అని రాస్తే ఇంగ్లీషు పరీక్ష ఒకటి పెడతారు. అవసరమనుకుంటే విడిగా ఇంగ్లీషు పాఠాలు చెబుతారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా భాష మాట్లాడే పిల్లల తరఫున వేసిన కేసులో అక్కడి సుప్రీంకోర్టు 1974లో ఇచ్చిన తీర్పు ఈ ఏర్పాటుకు పెద్ద ఊతం. అర్థం కాని భాషలో పాఠం చెప్పి, అందరితో సమానంగా చూశాం అనుకుంటే చాలదని ఆ తీర్పు సారాంశం.

కానీ రెండు సంస్కృతుల మధ్య బతకడానికి విమానం ఎక్కక్కర్లేదు. ఒంగోలు దగ్గరి చీమకుర్తి దాకా వెళ్తే చాలు. అక్కడి నల్ల గ్రానైట్, బంగారు చుక్కలున్న గెలాక్సీ రాయి, ప్రపంచమంతా పోతుంది. ఆ రాయి కోయడానికి ఒడిశా నుంచి, రాజస్థాన్ నుంచి కూలీలు వస్తారు. ఒడియా ఇంట్లో మాట్లాడే పిల్ల బయట తెలుగు నేర్చుకుంటుంది, బడిలో ఇంగ్లీషు పుస్తకం పట్టుకుంటుంది. నెల్లూరులో ఉర్దూ మాట్లాడే ఇళ్లున్నాయి. ఎరుకల ఇళ్లలో తమిళానికి దగ్గరగా ఉండే సొంత భాష ఉంది. పడమటి తండాల్లో లంబాడీ భాష ఉంది. అచ్చంగా తెలుగే మాట్లాడే పిల్లాడిక్కూడా ఇంట్లో "ఏంది, ఎట్టా, ఆడ, ఈడ" అనేది ఒక తెలుగు, పుస్తకంలో ఉండేది ఇంకో తెలుగు. ఇంటి మాటను రాతలోకి రానివ్వాలా వద్దా అని గిడుగు కాలంలో మనం చేసుకున్న పోట్లాటే ఇప్పుడు ఇంగ్లీషు నోటుపుస్తకంలో మళ్లీ జరుగుతోంది. కాకపోతే ఈసారి పిల్లల పక్షాన మాట్లాడేవాళ్లు తక్కువ.

ఇక అసలు సంగతి. తన అనుభవం రాస్తే ఇంగ్లీషు ఎలా వస్తుందన్నది దగ్గరగా చూడాలి. నెల్లూరు పిల్లలకు రొట్టెల పండగ కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు. పోయిన ఏడాది చదువు రొట్టె తీసుకుని, అనుకున్నది జరిగినావిడ ఈ ఏడాది చదువు రొట్టె తెచ్చి ఇస్తుంది. చదువు కావాల్సినావిడ దాన్ని అందుకుని తింటుంది. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఈ మధ్య విదేశాలకు పోయే రొట్టె కూడా. హిందువులూ ముస్లింలూ ఒకే నీళ్లలో నిలబడి, ఎవరు ఏ మతమో అడక్కుండా చేతులు చాస్తారు. తీసుకోవడాన్ని రొట్టె పట్టుకోవడం అంటారు, ఇవ్వడాన్ని రొట్టె వదలడం అంటారు.

ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల దీని గురించి నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాయాలి. మొదటి అడుగులోనే కాలికి రాయి తగులుతుంది. పట్టుకోవడానికి 'క్యాచ్' అని రాస్తే, ఎవరో రొట్టెను బంతిలా విసిరితే గాల్లో అందుకున్నట్టు ఉంటుంది. వదలడానికి 'లీవ్' అని రాస్తే రొట్టెను గట్టు మీద మరిచిపోయి ఇంటికి పోయినట్టు ఉంటుంది. 'రిలీజ్' అంటే జైల్లోంచి విడిపించినట్టు. పిల్ల ఆగి ఆలోచిస్తుంది. వదలడం అనే మాటలో ఏముంది? మొక్కు తీరింది, ఇక ఈ బాకీ నాది కాదు అనే తేలిక ఉంది. ఆ తేలిక ఇంగ్లీషు మాటలోకి ఎట్లా తేవాలి? 'గివ్ బ్యాక్' కొంచెం దగ్గర. కానీ ఎవరి దగ్గర తీసుకుందో ఆ మనిషికే తిరిగి ఇవ్వడం లేదే, ఇంకెవరికో ఇస్తోంది! ఈ కొట్టుకులాటలో ఆ పిల్ల నాలుగు ఇంగ్లీషు క్రియల మధ్య తేడా పట్టుకుంది. డిక్షనరీలో ఆ నాలుగు మాటలూ చూపించి బట్టీ పట్టమంటే వారం దాటి గుర్తుండవు.

తర్వాత వాక్యం కట్టడం. తెలుగులో "కూతురికి ఉద్యోగం వచ్చినావిడ దగ్గర రొట్టె పట్టుకున్నా" అంటే అయిపోయింది. ఆవిడ ఎవరో చెప్పే ముక్కంతా ముందు వచ్చి, ఆవిడ చివర్న వచ్చింది. ఇంగ్లీషులో ఆవిడ ముందు రావాలి, ఆవిడ ఎవరో చెప్పే ముక్క 'హూజ్' పెట్టి వెనక రావాలి. పైగా ఉద్యోగం రావడం ముందు జరిగింది, రొట్టె పట్టుకోవడం తర్వాత జరిగింది. ఆ ముందువెనకలు చెప్పడానికి 'హ్యాడ్' కావాలి. పాస్ట్ పర్ఫెక్ట్, రిలేటివ్ క్లాజ్ అని బోర్డు మీద రాస్తే క్లాసులో సగం మంది కళ్లు కిటికీలోంచి బయటికి పోతాయి. ఇక్కడ మాత్రం ఆ రెండూ లేకపోతే తన మాట చెప్పుకోలేదు. ఎవరి దగ్గర రొట్టె తీసుకుందో చెప్పాలని ఆ పిల్లకి ఉంది కాబట్టి 'హూజ్' నేర్చుకుంటుంది. అంతకు మించి రహస్యం లేదు.

రొట్టె అనే మాటను ఏం చెయ్యాలి? 'బ్రెడ్' అని రాస్తే బేకరీ గుర్తొస్తుంది. రొట్టె అనే ఉంచి, అదేమిటో పక్క వాక్యంలో చెప్పడమే మేలు. తెలియని మాట రాసి దాన్ని వివరించే ఆ పక్క వాక్యమే పిల్ల సొంతంగా కట్టిన మొదటి ఇంగ్లీషు వాక్యం అవుతుంది. గైడులో దొరకదు, గూగుల్‌లో కొట్టినా అదే వాక్యం రాదు.

మనుషుల వరసలు ఇంకో గని. పెద్దమ్మ, పిన్ని, అత్త, మేనత్త, అందరూ 'ఆంటీ'. పెదనాన్న కొడుకు అన్న, మేనత్త కొడుకు బావ. ఇంగ్లీషులో ఇద్దరూ 'కజిన్'. అన్న దగ్గర నడుచుకున్నట్టు బావ దగ్గర నడుచుకోరని, బావ అంటే ఇంట్లో సరదాకి పెళ్లి మాట కూడా ఎత్తుతారని చెప్పకపోతే కథ అర్థం కాదు. వెళ్లేటప్పుడు పోతాననకూడదు, వెళ్లొస్తాననాలి. ఆ చిన్న 'వస్తా'ని ఇంగ్లీషులోకి తేవాలంటే ఒక పేరా పడుతుంది. మొహమాటం, దిష్టి, ఎంగిలి, ఒక్కోటి ఒక్కో పేరా.

వీటన్నిటికన్నా గట్టిది 'మనం', 'మేము'. ఇంగ్లీషులో రెండూ 'వీ'. చాలామంది టీచర్లు దీన్ని ఒక్క నిమిషంలో చెప్పి దాటేస్తారు. ఆగాల్సిన చోటు ఇదే. చీమకుర్తి బడిలో 'మన సంస్కృతి' మీద రాయమన్నారనుకోండి. ఒడిశా నుంచి వచ్చిన పిల్లాడు ఆ 'మన'లో ఉన్నాడా? సంక్రాంతి గురించి రాస్తే వాడిది కాదు. వాళ్ల ఊరి రథయాత్ర గురించి రాస్తే 'మన'ది కాదంటారేమో. ఇంగ్లీషులో 'వీ' అని రాస్తే ఈ చిక్కు పైకి కనపడదు. కనపడదు గానీ లోపల ఉంటుంది. ఆ పిల్లాడికి "నీ 'వీ'లో ఎవరెవరున్నారు?" అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, రెండు పేజీలు రాస్తాడు. అమెరికాలో ఉన్న నెల్లూరు పిల్లాడికీ ఇదే ప్రశ్న సరిపోతుంది.

దీని మీద పరిశోధన చాలా జరిగింది, క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. కెనడాకు చెందిన జిమ్ కమిన్స్ 1979 నుంచీ చెబుతున్నది ఏమిటంటే, ఒక భాషలో సంపాదించిన ఆలోచనా బలం రెండో భాషకూ పనికొస్తుందని, రెండూ విడివిడి కుండలు కావని. పిల్లలు తమ రెండు భాషలూ వాడి తమ గురించి రాసే రాతలకు ఆయన ఒక పేరు కూడా పెట్టారు, మన మాటల్లో ఉనికి రాతలు అనుకోవచ్చు. కెనడాలోనే ఏడో తరగతి చదివే ముగ్గురు అమ్మాయిలు, పాకిస్తాన్ నుంచి వచ్చిన కుటుంబాల వాళ్లు, దేశం మారిన అనుభవం మీద ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ కలిసి ఒక కథ రాశారు. ముగ్గురిలో ఒకమ్మాయి అప్పుడే వచ్చింది, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇంగ్లీషు ఒక్కటే అని పట్టుబట్టి ఉంటే ఆ అమ్మాయి వెనక బెంచీలో మౌనంగా కూర్చునేది. ఉర్దూ రానిచ్చారు కాబట్టి కథలో ఆమెకూ భాగం దొరికింది. ఒక భాషలో చదివి ఇంకో భాషలో రాయడమనే పద్ధతికి బ్రిటన్‌లోని వేల్స్‌లో 1990లలోనే పేరు పెట్టి బడిలో వాడారు. ఇంగ్లీషు పక్కన నలిగిపోయిన చిన్న భాష వాళ్ల వెల్ష్, వాళ్లకా బాధ తెలుసు.

మన రాష్ట్రంలో ఈ పనికి సగం సరంజామా ఇప్పటికే చేతిలో ఉంది. 2020–21 నుంచి ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు వేశారు. ఆ ఏర్పాటు చదవడానికి పెట్టింది. రాయడానికి మాత్రం ఎవరూ వాడినట్టు కనపడదు. నోటుపుస్తకంలో ఎడమ పేజీ మీద ఇంటి మాటలో, ఏ యాసలో వస్తే ఆ యాసలో రాసుకుని, కుడి పేజీ మీద ఇంగ్లీషులో రాయమంటే పైసా ఖర్చు లేదు. ఇంగ్లీషు మీడియమా తెలుగు మీడియమా అని 2019 నుంచి జీవోలు, కోర్టు తీర్పులు, టీవీ చర్చలు, అన్నీ అయ్యాయి. ఆ గొడవలో పిల్ల రాసిన పేజీ ఎవరి కంటా పడలేదు.

ఇది బడితో ఆగే సంగతి కూడా కాదు. నెల్లూరులో, ఒంగోలులో అమెరికాకు పంపే కన్సల్టెన్సీలకు కొదవ లేదు. ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో చెబుతూ యూనివర్సిటీకి పంపే వ్యాసం, ఎస్‌వోపీ, రాయించుకోవడానికి ఇంజినీరింగ్ పూర్తయిన పిల్లలు అక్కడికే పోతారు. ఇలాంటి చోట్ల తయారయ్యే ఎస్‌వోపీల్లో అందరికీ చిన్నప్పటి నుంచే కంప్యూటర్ల మీద మక్కువ. ఇంటి పేరు, కాలేజీ పేరు మార్చితే ఎవరిదైనా ఎవరికైనా సరిపోతుంది. తొమ్మిదో తరగతి ఏరే ఇక్కడికి ప్రవహించి వచ్చింది. ఆ కుర్రాడు మైపాడు దగ్గర రొయ్యల గుంటల మధ్య పెరిగి ఉండొచ్చు. రాత్రి రెండింటికి కరెంటు పోతే నీళ్లలో గాలి ఆడించే ఏరేటర్లు ఆగిపోయి, తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయేమోనని నాన్నతో పాటు జనరేటర్ దగ్గరికి పరిగెత్తి ఉండొచ్చు. సెన్సర్ల మీద ఎమ్మెస్ చేస్తానని రాసే మనిషికి అంతకన్నా మంచి మొదటి పేరా ఏముంటుంది? కానీ రొయ్యల గుంట గురించి ఇంగ్లీషులో రాస్తే నామోషీ అనుకుంటాడు. విదేశీ చదువుల కోసం రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రెండో వ్యాసంలోనేమో, 40 నిమిషాల్లో కనీసం 250 మాటలు రాయమని, తమకు తెలిసినదాంట్లోంచో సొంత అనుభవంలోంచో ఉదాహరణలు ఇవ్వమని ప్రశ్నపత్రం మీదే అచ్చు వేసి ఉంటుంది. కోచింగులో చెప్పిన ఉదాహరణే అందరూ రాసి వస్తారు.

ఇంతవరకు చెప్పిందంతా ఒక పక్క. ఇంకో పక్క కూడా ఉంది, అది తేలిగ్గా తీసుకోదగ్గది కాదు.

నీ సంస్కృతి గురించి రాయమంటే పండగలు, పిండివంటలు, చేపల పులుసు రాసి చేతులు దులుపుకోవడం ఒక ప్రమాదం. అప్పుడు గైడు ఊరు పోయి టూరిజం పోస్టర్ ఊరు వస్తుంది, అంతే తేడా. దీనికి విరుగుడు సులువే, పండగ గురించి అని కాకుండా పండగ రోజు నీ ఇంట్లో ఏం జరిగింది అని అడగాలి.

రెండో ప్రమాదం పెద్దది. నీ ఇంటి గురించి రాయి అనడం కొందరు పిల్లలకు వరం, కొందరికి శిక్ష. హాస్టల్లో ఉండే దళిత పిల్లకి, సముద్రం ఒడ్డున గుంటల మీద కాపలా ఉండే యానాది కుటుంబంలోని పిల్లాడికి, తాగి కొట్టే తండ్రి ఉన్న పిల్లకి, 'మై హోమ్' అనే టాపిక్ ఏం చేస్తుంది? నిజం రాస్తే క్లాసులో అందరికీ తెలుస్తుంది. ఊరు మర్చిపోయినా క్లాసు మర్చిపోదు. రాయకపోతే మార్కులు పోతాయి. అలాంటప్పుడు గైడులోని ఏరు ఆ పిల్లకి ఒక గొడుగు. ఆ గొడుగును లాక్కునే హక్కు టీచర్‌కు లేదు. కాబట్టి రెండు మూడు విషయాలిచ్చి ఎంచుకోనివ్వాలి. అడక్కుండా క్లాసులో పైకి చదవకూడదు. ఎవరి కష్టం ఎక్కువుంటే వాళ్ల వ్యాసం గొప్పదన్న పోటీ పెట్టకూడదు. పిల్ల కష్టం రాసినప్పుడు టీచర్ ముందు మనిషిలా చదవాలి, స్పెల్లింగులు తర్వాత చూసుకోవచ్చు.

దిద్దడం గురించి రెండు మాటలు. 'ఏ', 'యాన్', 'ద' మన భాషలో లేవు. వాటిని తప్పుగా వాడిన చోటల్లా ఎర్ర ఇంకు పెడితే పేజీ కుంకుమ చల్లినట్టవుతుంది, పిల్ల మళ్లీ ఏరు దగ్గరికే పారిపోతుంది. మొదటిసారి చదివినప్పుడు తప్పులేమీ దిద్దకుండా అంచున ఒక ప్రశ్న రాస్తే చాలు. రెండోసారి రాసినప్పుడు ఒక్క రకం తప్పు మాత్రమే పట్టుకోవాలి. మిగతావి ఆ నెల ఊరుకోవాలి. అరవై నోటుపుస్తకాలు ఎవరు చూస్తారని ఏ టీచరైనా అడుగుతారు, న్యాయమే. పాఠం కాని పనులకే పీరియడు సగం పోతున్నప్పుడు మరీ న్యాయం. వారానికి పది పుస్తకాలు చొప్పున చూసినా ఏడాదిలో ప్రతి పిల్ల పుస్తకమూ కనీసం నాలుగైదు సార్లు చేతికొస్తుంది. ఇప్పుడు అన్ని పుస్తకాల మీదా పడుతున్న టిక్కు కన్నా అది ఎక్కువ.

మళ్లీ కనిగిరి పిల్ల దగ్గరికి వద్దాం. ఏరు వద్దు, పొద్దున ఏం జరిగిందో రాయి అన్నారనుకుందాం. "ట్యాంకర్ కమ్. మై బిందె ఈజ్ సెకండ్. వన్ ఆంటీ పుట్ హర్ బిందె ఫస్ట్. ఐ నాట్ టెల్ ఎనీథింగ్." నాలుగు వాక్యాలు, మూడింట్లో తప్పులున్నాయి. పెన్ను తీసిన టీచర్ ఏ తప్పునూ ముట్టుకోకుండా మూడో వాక్యం పక్కన తెలుగులోనే ఒక ముక్క రాశారు: "ఏ ఆంటీ? నువ్వెందుకేం అనలేదు?"

పిల్ల ఇంటికి పోయి ఒకటిన్నర పేజీ రాసుకొచ్చింది.